శైలజ పెట్టెలో రొద

శైలజ కుత్బుల్లాపూర్‌లోని ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులు పరీక్షిస్తుంది. సెలవు దొరికితే బహదూర్‌పల్లిలోని ఇంట్లో సింథసైజర్లు, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే పెట్టెలు, సొంతంగా తయారుచేస్తుంది.

ఆ ఆదివారం కొత్త పెట్టెకు ఏ మీటా నొక్కకుండానే మీటరు తగిలించి చూసింది. రెండు మిల్లీవోల్టులు దాటకూడని రొద నలభై చూపించింది. ఫ్యాను ఆపి, బ్యాటరీ మీద నడిపి చూసినా అంకె తగ్గలేదు. అనుమానమొచ్చి, కొత్తదని కొన్న చిప్పును ఊడదీసి స్పిరిట్ దూదితో రుద్దింది. నల్లరంగు ఊడి, కింద ఎప్పటిదో పాత పేరు బయటపడింది. చెత్తలో ఏరినదానికి రంగు పూసి అమ్మారు! ఎంగిలి విస్తరిలో వడ్డించినట్టు అనిపించి, ఆమె చిప్పును దూరంగా నెట్టేసింది.

అమ్మిన ప్రతాప్‌కు ఫోన్ చేస్తే నవ్వాడు.

"గంత పరేషాన్ ఎందుకక్కా? పాట మోగుతుంటే గా రొద ఎవలికి ఇనవడ్తది?"

"నాకు ఇనవడ్తది," అని పెట్టేసింది.

అతని దగ్గరే కొన్న అలాంటి చిప్పులతో చేసిన పెట్టెను నిరుడు రావల్కోల్ ఊరి భజన బృందానికి ఇచ్చింది. వెంటనే బండి తీసి అక్కడికి వెళ్లింది.

"మంచిగనే మోగుతాంది గదా బిడ్డా," అంది అక్కడ పాడే సాలమ్మ.

"మంచిగ లేదవ్వా. నేనే సరిగ సూడకుండ ఇచ్చిన. వారంల బాగుజేసి తెస్త."

శైలజ పెట్టెను ఇంటికి తెచ్చి విప్పింది. ఆ చిప్పుల్ని వేళ్లతో ముట్టబుద్ధి కాక పట్టకారుతో పీకింది.