నా టేపులో ఊఁ కొట్టిందెవరు?

దెయ్యాలున్నాయని నాతో వాదనకొచ్చిన వాళ్లెవరూ టీ తాగకుండా వెళ్లలేదు, గెలిచీ వెళ్లలేదు. నేను లెక్కల మాస్టారిని. చింతచెట్టు మీద ఏదో ఉందని పిల్లలు బెదిరితే, వాళ్లని ఆ చెట్టు కిందే కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకున్న రకం. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను ఆ బాపతులో కలిపెయ్యకండి.

తొంభైల చివర్లో నాకు అరకు పైన ఒక ఆశ్రమ పాఠశాలకి బదిలీ అయింది. అరకులో రైలు దిగి, జీపు వెనకాల వేలాడుతూ పోవాలి. బడి పక్కనే రేకుల కప్పు క్వార్టరు. అందులో నేను, మా ఆవిడ రత్నం, నా కీబోర్డు. పెళ్లికి ముందు కొన్నది కాబట్టి మా ఆవిడ దాన్ని 'మీ పెద్దావిడ' అంటుంది.

వానాకాలంలో అక్కడ మబ్బు ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది. బట్టలారవు, అప్పడాలు మెత్తబడతాయి, ఊరికే కూర్చున్న మనిషి బుర్రలో ఏదో ఒకటి మొలుస్తుంది. నాకు పాట మొలిచింది. మాటల్లేని పాట. రేకుల మీద వాన, పక్కింట్లో చోళ్లు విసిరే తిరగలి, బడి గంట, మా కుక్కరు విజిలు, వీటన్నిటి మీదా నా కీబోర్డు. రెండు క్యాసెట్లు పట్టే టేపురికార్డరు, ఒక మైకు పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తూ సగం వానాకాలం తంటాలు పడ్డాను. దానికి 'మబ్బు దిగిన పూట' అని పేరు పెట్టుకున్నాను. మా ఆవిడ 'కుక్కరు పాట' అంది. ఊళ్లో ఆ పేరే నిలిచింది.

మెచ్చుకోకపోయినా ఫరవాలేదు, ఎక్కడ బాగాలేదో ఎవరైనా చెబితే దిద్దుకోవాలని నా ఆశ. కానీ అది చెప్పాలంటే చివరిదాకా వినాలి కదా. అక్కడొచ్చింది చిక్కు.

రత్నం బుద్ధిగా కూర్చునేది. పాటలో కుక్కరు కూసేసరికి లేచి వంటింట్లోకి పరిగెత్తేది, మరి వచ్చేది కాదు. "ఆ ఈలొకటీ తీసెయ్యండి. పప్పు మాడిపోతన్నట్టు గుండె గుబేలుమంటంది" అనేది. హెడ్మాస్టరుగారు కళ్లు మూసుకుని విన్నారు. లీనమైపోయారనుకుని మురిసిపోతూండగా గురక వినిపించింది. లేచాక "ప్రశాంతంగా ఉందయ్యా" అన్నారు. పిల్లలకి వినిపిస్తే మరీ ఘోరం. టేపులో గంట మోగగానే కంచాలు పట్టుకుని భోజనాల షెడ్డు ముందు వరసలో నిలబడ్డారు. వంట ఇంకా పొయ్యెక్కలేదు. వంటమనిషి నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు.

ఇక మిగిలింది మా బామ్మర్ది అప్పలరాజు. విజయనగరంలో పెళ్లిళ్లకి ఆర్కెస్ట్రా కడతాడు. రంగంలో ఉన్నవాడు కదా అని క్యాసెట్టు పంపించి, అరకు వెళ్లినప్పుడు ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేశాను.

"బావా, ఇందల పాటెక్కడ మొదలవుద్ది?" అన్నాడు.

మొదటి నుంచీ పాటేనన్నాను. వాడు, "సగం దాకా ఇన్నాను. మజ్జిలో ఊఁ ఊఁ అంటన్న ముసిలోడెవడు? అదొక్కటే బాగుంది" అన్నాడు.

నా పాటలో ముసలివాడెవరూ లేడు. ఆ మాటే అన్నాను. వాడు నవ్వి పందెం వేశాడు. ఆ పాటని చివరంటా విన్నవాణ్ని ఒక్కణ్ని చూపిస్తే సరి, లేకపోతే దసరా సెలవుల్లో వచ్చి కీబోర్డు పట్టుకుపోతానన్నాడు. ఉక్రోషంలో సరేనన్నాను. బూతులోంచి బయటికొచ్చాక గాని తెలివి రాలేదు. ఆ కొండమీద సాయంత్రాలు ఆ కీబోర్డు లేకుండా ఎలా గడపాలి?

ఇంటికొచ్చి టేపు వేసి, స్పీకరుకి చెవి ఆనించాను. వాడు చెప్పింది నిజమే. తిరగలి శబ్దం మొదలైన కాసేపటికి, సన్నగా, తృప్తిగా, "ఊఁ" అని వినిపించింది. ఎవరైనా కథ చెబుతుంటే మనం ఊఁ కొడతామే, అచ్చంగా అలాగే. వాన దగ్గర మళ్లీ "ఊఁ". కీబోర్డు మీద నేను వేళ్లు విరగ్గొట్టుకుని వాయించిన చోట మాత్రం చడీచప్పుడూ లేదు.

పాత క్యాసెట్టు మీద రికార్డు చేశాను కదా, కిందిది పూర్తిగా చెరగలేదేమో అనుకున్నాను. అరకు వెళ్లి సీలు విప్పని కొత్త క్యాసెట్టు తెచ్చి, పాటంతా మొదటి నుంచి మళ్లీ చేశాను. ఊఁ మళ్లీ పడింది. పక్కింటివాళ్ల గొంతు మైకులో దూరిందేమోనని ఈసారి మైకు పీకేశాను. వానా తిరగలీ అన్నీ కీబోర్డులో ఉన్న చప్పుళ్లతోనే వాయిస్తూ, వైరు నేరుగా టేపురికార్డరుకి పెట్టాను. అలా పెడితే గదిలో బాంబు పేలినా టేపులో పడదు. ఊఁ మాత్రం పడింది. నేను రత్నాన్ని అనుమానించాను, రత్నం నన్ను అనుమానించింది. అందుకని తర్వాతిసారి ఎదురెదురుగా కూర్చుని, ఒకరి నోరు ఒకరం చూసుకుంటూ రికార్డు చేశాం. ఇద్దరం పెదవి కదపలేదు, ఊఁ మాత్రం పడనే పడింది. పెళ్లయ్యాక మేమిద్దరం అంతసేపు మాట్లాడకుండా కూర్చున్నది అదొక్కసారే.

భయపడ్డానా అంటే, పడ్డాను. కానీ దానికన్నా ముందు ఒళ్లు మండింది. నేను గొప్పగా వాయించాననుకున్న చోటల్లా అది నోరు మెదపదే! ఆఖరికి లెక్కల మాస్టారి బుద్ధి పోనిచ్చుకోలేదు. ఊఁ పడిన చోట ఉంచాను, పడని చోట కత్తిరించాను. నా వేళ్ల విన్యాసాలు పోయాయి. కుక్కరు విజిలు దగ్గర కూడా ఊఁ లేదు. రత్నానికి చెబితే, "సూసేరా, నేనూ అదే సెప్పేను" అంది. విజిలూ పోయింది. దిద్దినకొద్దీ ఊఁలు పెరిగాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, పాట బాగుపడుతోందని నాకూ తెలుస్తూనే ఉంది.

ఆ రోజుల్లోనే సొంబరమ్మ మా ఇంటికి రాజ్మా గింజలు అమ్మడానికొచ్చింది. పక్క గూడెం ముసలావిడ. వరండాలో కూర్చుని టేపు కొంచెం విని, "మాస్టరు, ఎవులో ఊఁ కొడతన్నారు" అంది, అదేమంత వింత కానట్టు.

వాళ్ల గూడెంలో ఒక పద్ధతుంది. చలికాలం నెగడు చుట్టూ కూర్చుని కథ చెప్పేటప్పుడు, ఊఁ కొట్టే పని ముందే ఒకరికి అప్పజెబుతారు. వాడు కునుకు తీస్తే కథ ఆగిపోతుంది. వాణ్ని తట్టి లేపితేగాని ముందుకి కదలదు. ఒకసారి నేనూ చూశాను. కథలో రాజుగారు గుర్రం మీదికి ఒక కాలు ఎత్తి, ఊఁ కొట్టేవాడు లేచేదాకా అలాగే ఉండిపోయారు.

"మనిసి ఊఁ కొట్టకపోతే ఇంకెవులో కొడతారు. వొట్టినే వొదిలెయ్యరు కదా" అంది సొంబరమ్మ. మరి నన్నేం చెయ్యమంటావని అడిగాను. "ఏటీ సెయ్యొద్దు. బాగా వాయించు" అంది. గింజలు కొలిచి పోసి, పాట పూర్తి కాకుండానే తనూ వెళ్లిపోయింది.

దసరా సెలవుల్లో అప్పలరాజు దిగాడు. కీబోర్డు చుట్టడానికి దుప్పటి, కట్టడానికి తాడు కూడా తెచ్చుకున్నాడు. భోజనం కాగానే, "ఏటి బావా, ఇన్నోడెవుడైనా దొరికేడా?" అన్నాడు. వైరు పెట్టి చేసిన చివరి టేపు వేశాను.

మొదట్లో వాడు గోడకి చేరబడి తాడు ముడులు విప్పుకుంటున్నాడు. ఊఁ పడింది. నావైపు చూశాడు. నా నోరు మూసే ఉంది. మళ్లీ పడింది. రత్నం వైపు చూశాడు. ఆవిడ నోటినిండా తమలపాకులు. పాట సాగినంతసేపూ పడవలసిన చోటల్లా ఊఁ పడుతూనే ఉంది. చివరి స్వరం ఆగిపోయింది. టేపు ఖాళీగా తిరుగుతూ సుయ్యిమంటోంది. వాడు హమ్మయ్య అని తాడు అందుకోబోయాడు.

అప్పుడు ఇంకో "ఊఁ?" వినిపించింది.

అది ముందటి వాటిలా లేదు. రసపట్టులో అమ్మమ్మ కథ ఆపేస్తే పిల్లలు అంటారే, తర్వాతేమైందని, అలా ఉంది. అంతకుముందు నేనెన్నడూ అంతదూరం వినలేదు. పాట అయిపోగానే నేనే టేపు ఆపేసేవాణ్ని. అంటే నా పాటని చివరిదాకా విన్నది నేను కూడా కాదు.

అప్పలరాజు లేచి చెప్పులేసుకున్నాడు. "రైలుకి టైమైపోతంది" అన్నాడు. మర్నాటిదాకా రైలు లేదు. క్యాబేజీ మూటలతో పోతున్న జీపు ఆపి, ఆ మూటల మీదెక్కి కూర్చున్నాడు. జీపు కదిలాక అరిచాడు, "పందెం నువ్వే గెలిసేవు బావా!" దుప్పటీ తాడూ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి. తాడు మీద బట్టలారేస్తాం.

ఆ తర్వాత బదిలీ మీద మైదానానికి దిగిపోయాం. రెండు వేలు దాటాక ఒక కంప్యూటరు సెంటర్లో ఆ టేపుని సీడీ చేయించాను. అక్కడి కుర్రాడు చెవులకి పెట్టుకున్నది తీసి, "మధ్యలో ఎవరో మూలుగుతున్నారు సార్, తీసెయ్యమంటారా?" అన్నాడు. వద్దు, అది తీసేస్తే ఇక దీన్ని వినేవాళ్లెవరున్నారు అన్నాను.

ఎన్నో విధాలుగా ఆలోచించాను. వైర్లు, తరంగాలు, రేడియోలు, రేకుల కప్పు. ఏదీ లెక్కకి సరిపోలేదు. జవాబు తేలకపోతే తోచింది రాసెయ్యమని నేను పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు నేనూ రాయను. దెయ్యాలున్నాయని ఇవాళ్టికీ ఒప్పుకోను. అయినా సాయంత్రం కీబోర్డు ముందు కూర్చుని ఆ పాట జోలికి పోకుండా వేరే ఏదో వాయించుకుంటుంటే, రత్నం వంటింట్లోంచి విసుక్కుంటుంది.

"ఆ మిగిలిన ముక్క బేగి కానియ్యండి. పాపం, ఆయన ఇంకా ఎదురు సూత్తంటాడు."