దానియేలు బిగించిన గాలిగొట్టం

తార్నాకలో మేం అద్దెకున్న మేడ కింది వాటాలో డాక్టర్ భారతమ్మ గారి దవాఖాన ఉండేది. నేనప్పుడు యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. పొద్దున రోగుల ఇళ్లకు ఆమె కారు బయల్దేరే వేళకు మెట్లు దిగితే చాలు, ఆర్ట్స్ కాలేజీ దాకా నడక తప్పేది. అరవైల చివరి రోజులవి. క్యాంపస్ రోడ్డు మీద సైకిల్ గంటలే తప్ప మోటారు చప్పుడు అరుదు. కిటికీలోంచి వేపపూత వాసన వచ్చేది.

కారు నడిపే మనిషి దానియేలు. జనగామ పక్క పల్లె నుంచి వచ్చి, భార్య సోమమ్మతో మౌలాలి గుట్ట కింద కాపురముండేవాడు. కారెక్కే ముందు చెప్పులు విడిచి, ఒట్టి కాళ్లతో క్లచ్చి తొక్కేవాడు. అడిగితే, "చెప్పులుంటే బండి ఏమంటున్నదో కాలికి తెల్వదమ్మా" అనేవాడు.

ఆ కారు పాత ల్యాండ్‌మాస్టర్. ముందు వాడినాయనకు వేగం పిచ్చి. ఇంజనుకు చల్లగాలి అందితే బండి హుషారుగా లాగుతుందని, గాలి పీల్చే డబ్బాకు రబ్బరు గొట్టం తగిలించి, దాని మూతిని బంపరు వెనక్కు, బాగా కిందికి దింపించాడు. ఎండాకాలంలో మౌలాలి గుట్ట ఎత్తు ఎక్కినా ఇంజను వేడెక్కదని దానియేలుకు ఆ గొట్టమంటే గర్వం. వానాకాలం సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఒక ఆషాఢంలో కుండపోతగా వాన కురిసింది. రోగిని చూసి తిరిగొస్తుంటే, సీతాఫల్‌మండి దగ్గర రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. దవాఖానలో జనం ఎదురుచూస్తున్నారని డాక్టరమ్మ తొందర పెట్టింది. దానియేలు వేగంగా నీళ్లలోకి పోనిచ్చాడు. నీళ్లు బానెట్టు మీదికి లేచాయి. ఇంజను గుటక వేసినట్టు ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది. అతను కంగారుగా మళ్లీ స్టార్ట్ చేశాడు. లోపల ఏదో ధన్‌మని విరిగినట్టు వినిపించింది.

మెకానిక్ బిక్షపతి ఇంజను విప్పి చూసి తల పట్టుకున్నాడు.

"గాలి గుంజేకాడ నీళ్లు గుంజిందన్నా. గాలైతే అణుగుతది గని నీళ్లు అణుగుతయా? ఆగినప్పుడు ఊకుంటే అయిపోతుండె. మళ్ల స్టార్ట్ కొట్టినవ్, రాడ్ వంగింది."

ఆ పూట దానియేలు అన్నం ముట్టలేదని సోమమ్మ తర్వాత చెప్పింది. విడిభాగాలు దొరకడం అప్పట్లో గగనం. చలికాలం దాకా కారు షెడ్డులోనే పడి ఉంటుందని తేలింది. అన్నాళ్లూ వేరే పని చూసుకోమంది డాక్టరమ్మ. అతను తలూపి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున గేటు ముందు సైకిల్ రిక్షా ఆగింది. తొక్కుతున్నది దానియేలే, అదే ఖాకీ చొక్కాతో.

"ఎక్కుండ్రమ్మా."

"ఇదేంది దానియేలూ?" అంది డాక్టరమ్మ.

"కిరాయికి తెచ్చిన. బండి నా చేతుల ఖరాబైంది. మీరు నడుస్తుంటే నేను చూడలేను."

"జల్ది పోనియ్యమన్నది నేనే గద?"

అతను రిక్షా సీటు మీది తడిని తువ్వాలుతో తుడిచాడు. ఆమె మందుల పెట్టె తీసుకుని రిక్షా ఎక్కింది. క్యాంపస్‌లో ఎత్తు వచ్చిన చోటల్లా దిగిపోయేది. అతను వద్దని మొత్తుకున్నా వినేది కాదు. ఖాళీ రిక్షాను అతను నెట్టుకుంటూ, ఆమె పక్కన నడుస్తూ మాట్లాడుకుంటూ పోతుంటే కాలేజీ పిల్లలం ఎన్నిసార్లు చూశామో.

ఆ నడకల్లోనే ఒకరోజు ఆమె అంది: "మనిషికి ముక్కులకెంచి నీళ్లు ఊపిరితిత్తులకు పోతే ఏమైతది? బండికి గదే అయింది. ముక్కే పైకి పెడితే?"

దానియేలు రిక్షా ఆపేశాడు. "పైకా?"

ఆ మాట అతన్ని పట్టుకుంది. గొట్టం పీకి పారేస్తే సరిపోతుందని బిక్షపతి అన్నాడు. ఎండల్లో ఇంజను ఉడికిపోతుందని దానియేలు ఒప్పుకోలేదు. ఇద్దరూ వాదులాడుకుని, చివరికి రేకుపని పోచయ్య దగ్గరికి వెళ్లారు. బానెట్టు పక్కనుంచి పైకి లేచి, ముందు అద్దం పై అంచు దాకా వచ్చే రేకు గొట్టం చేయించారు. వాన పడకుండా దాని మూతిని గొడుగు పిడిలా కిందికి వంచి, జాలీ పెట్టారు. బిగించాక బకెట్‌తో నీళ్లు గుమ్మరిస్తే అతుకుల్లోంచి లోపలికి కారాయి. దానియేలు నీరసపడి నేల మీద కూలబడ్డాడు. మళ్లీ లేచి, అతుకుల మీద సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి తీగతో బిగించాడు. లోపలికి చేరిన చుక్క కారిపోయేలా అడుగున చిన్న బెజ్జం పెట్టాడు. ఈసారి నీళ్లు పోలేదు.

కారు మళ్లీ రోడ్డెక్కిన రోజు హాస్టల్ పిల్లలు "ఏనుగొచ్చింది, ఏనుగు!" అని కేకలు పెట్టారు. దానియేలు నవ్వి పొడుగ్గా హారను కొట్టాడు.

మరుసటి వానాకాలం ఒక సాయంత్రం గోల్నాక నుంచి సమ్మయ్య అనే మనిషి తడిసి ముద్దై వచ్చాడు. భార్య అమృతమ్మ పొద్దుటి నుంచి నొప్పులు పడుతోందట, బిడ్డ అడ్డం తిరిగిందట. నర్సు సెలవులో ఉంటే సాయానికి నేను బయల్దేరాను.

గోల్నాక దగ్గర నీళ్ల కింద రోడ్డు కనబడలేదు. దానియేలు దిగి, పంచె ఎగగట్టి, నీళ్లలో అవతలి దాకా నడిచి వచ్చాడు.

"మోకాలు కిందికే ఉన్నయమ్మా. పోతం. ఇంకింత ఉంటే పోకపోతుంటిని."

ఫస్ట్ గేరులో, నిద్రపోయే పిల్లను ఎత్తుకున్నంత నిదానంగా పోనిచ్చాడు. సగం దారిలో ఎదురుగా లారీ వచ్చింది. అది రేపిన అల బానెట్టు దాటి అద్దాన్ని కొట్టింది. దానియేలు పెదాలు కదిలాయి, ప్రార్థన కాబోలు. డాక్టరమ్మ ముందు సీటు అంచు గట్టిగా పట్టుకుంది. ఇంజను చప్పుడు మాత్రం మారలేదు.

అవతల ఒడ్డుకు చేరి, సమ్మయ్య చూపించిన ఇంటి ముందు కారు ఆపాడు.

డాక్టరమ్మ చాలాసేపు కష్టపడి బిడ్డను మళ్లించింది. ఆడపిల్ల పుట్టింది, ఏడ్చింది. ఆ కబురు చెబుదామని బయటికొస్తే, దానియేలు కారు పక్కన గొంతుక్కూర్చుని, గొట్టం అడుగు బెజ్జాన్ని వేలితో తడుముతున్నాడు.

"కొన్ని సుక్కలే కారినయి, గంతే!" అని వేలు నాకు చూపించాడు. బిడ్డ సంగతి చెప్పగానే కళ్లు తుడుచుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి నీళ్లు ఇంకా పెరిగాయి. "పోదమా?" అంది డాక్టరమ్మ.

"వద్దమ్మా. ముక్కు పైకున్నంత మాత్రాన బండి పడవైతదా? నీళ్లు దిగనియ్యండ్రి."

ఆమె వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుంది. సమ్మయ్య తల్లి బెల్లం చాయ పోసింది. వాన చూస్తూ అందరం తాగాం. అంత కమ్మటి చాయ మళ్లీ ఎక్కడా తాగలేదు.

కొన్నేళ్లకు డాక్టరమ్మ కారు అమ్మేసింది. అమ్మేముందు దానియేలుకు తెలిసినవాళ్ల ద్వారా సిటీ బస్సు డ్రైవరుగా ఉద్యోగం ఇప్పించింది. నేను పెళ్లై ఊరు మారాను. ఒకసారి పుట్టింటికొచ్చి తార్నాకలో బస్సెక్కితే, డ్రైవరు సీట్లోంచి పరిచయమైన గొంతు, "అమ్మా, మంచిగున్నరా?" అంది. జుట్టు నెరిసింది. నవ్వు మాత్రం అదే. వెనక జనం తోస్తున్నారు, కండక్టరు విజిలేశాడు. దిగే దాకా సోమమ్మ గురించి, పిల్లల గురించి, వెనక్కి తిరక్కుండానే చెబుతూ నడిపాడు.