బోర్లించిన తొట్టి

పక్కింటి పెద్దమ్మ పోయిందన్న కబురు బొల్లారం నుంచి తిరిగొస్తుండగా కంపెనీ బస్సులో తెలిసింది. మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. పోతిరెడ్డిపల్లిలో దిగేసరికి వాళ్ల వాకిట్లో కుర్చీలు వేసేశారు. డ్యూటీ నుంచి రాగానే "తిన్నవా బిడ్డా?" అని అడిగే మనిషి ఇక లేదు. నాకు చాలా దిగులుగా ఉంది.

ఆమెను ఆటపట్టించడం నాకు అలవాటు. అందుకు కావలసినంత సరుకు ఒక తాబేలు ఇచ్చింది. ఆమె ఇంట్లో కిరాయికున్నవాళ్లు ఖాళీ చేస్తూ, ఇంట్లో ఉంటే కలిసొస్తుందని చెప్పి దాన్ని వదిలిపోయారు. నల్లటి డిప్ప మీద పసుపుపచ్చటి చుక్కలు గీసినట్టుండేది. తాబేలంటే నీళ్లలో ఉండాలి కదా అని పెద్దమ్మ ఇనుప తొట్టి నింపి అందులో వేసింది. శుక్రవారం బయటికి తీసి బొట్టు పెట్టేది. వాకిట్లో దాని నడకలోని డాబు చూసి దొరసాని అని పేరు పెట్టింది.

కొన్నాళ్లకు దొరసాని తిండి మానేసింది. ముక్కు కారుతోంది, మెడ ఎత్తడం లేదు. పెద్దమ్మ పరేషానై, దాన్ని గంపలో పెట్టుకుని నా బండెక్కింది. పశువుల డాక్టరు చూసి తల పట్టుకున్నాడు.

"ఇది నీళ్లది కాదమ్మా, నక్షత్ర తాబేలు. ముళ్లపొదల అడవిల ఉంటది, వాన పడితే బయటికొచ్చి గడ్డి మేస్తది. గిట్ల నీళ్లల్ల ఉంచితే సస్తది. అందరు పట్టుకొచ్చి అమ్ముకోబట్టే అడవిల తక్కువైతున్నయి. ఇంట్ల పెంచుడు నేరం గూడ."

పెద్దమ్మ ఇంటికి రాగానే తొట్టిలో నీళ్లు పారబోసి బోర్లించింది. దాని మీదే కూర్చుని ఏడ్చింది. "మంచిగ సూసుకుంటున్న అనుకున్న గదరా."

"ఇగ పొడినేల మీద ఉంచుకో పెద్దమ్మా, ఎవరికి తెలుస్తది?" అన్నాను.

"నాకు తెల్వదా?" అని కసిరింది. మర్నాడు తనే ఫారెస్టువాళ్లను పిలిపించింది.

గంప అందిస్తూ ఎక్కడ వదులుతారని అడిగింది. కోలుకున్నాక అడవిలో వదులుతామన్నారు గానీ, చోటు చెప్పలేదు. నాకు కోపమొచ్చింది. ఆమె మాత్రం తల ఊపింది. "చెప్పకపోవుడే మంచిది. నాకు తెలిస్తే సూడబోత. నా ఎనుక ఇంకోడు సంచి పట్టుకొని పోతడు."

అప్పటినుంచి ఆ తొట్టే ఆమె పీట. దాని మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. వాన మొదలైతే చాలు, "దొరసాని బయటికొచ్చుంటది" అనేది. అసలు బతికుందో లేదోనని నేను అంటే, "ఉంటది తీయ్" అని పనిలో పడేది. తెల్లాపూర్ అపార్టుమెంటులో చుట్టాలు అలాంటిదాన్నే అద్దాల పెట్టెలో పెంచుతుంటే, అన్నం ముట్టకుండా లేచొచ్చింది. "దాని ఇల్లు ఇడిపిచ్చి మీకేం కలిసొస్తదే?" అని అడిగిందట. కొద్దిరోజులకు వాళ్లూ అప్పగించారు.

దశదినకర్మ నాడు వంటవాళ్లు ఆ తొట్టిని తిరగేసి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు నింపారు. నాకు ప్రాణం ఒప్పలేదు, కానీ అంతమందిలో ఏమనగలను? సాయంత్రం అందరూ వెళ్లాక చినుకులు మొదలయ్యాయి. గేటు తీసుకుని వెళ్లి, నీళ్లు పారబోసి, తొట్టిని మళ్లీ బోర్లించాను.

"దొరసాని బయటికొచ్చుంటది పెద్దమ్మా" అన్నాను పైకే. బోర్లించిన తొట్టి వీపు మీద నుంచి వాన జారిపోతోంది.