తల ఊపిన ఆదివారం

నా చిన్నప్పుడు చిట్కుల్‌లో మా వాకిలికీ పక్కింటి వాకిలికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. ఆ గోడ మీద కూర్చునే పక్కింటి కాక నాకు చైనా చూపించాడు. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరితో అన్నా ఇప్పటికీ నవ్వుతారు. ఆయన చైనా లోపలికి వెళ్ళనే లేదని, విమానం దిగిన ఊళ్ళోనే గదిలో పడుకుని వచ్చి కథలు అల్లాడని అంటారు. వాళ్ళు అలా అనుకోవడానికి కారణం నేను. అప్పుడు నాకు పదకొండేళ్ళు, ఇప్పుడు నలభై దాటాయి. ఉన్నది ఉన్నట్టు ఇన్నాళ్ళకైనా చెప్పాలని రాస్తున్నాను.

కాక మాకు చుట్టం కాదు. ఒకే ప్రార్థన మందిరానికి వెళ్ళేవాళ్ళం, ఒకే బోరింగు నీళ్ళు తాగేవాళ్ళం, అంతే. ఆయన బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఎనిమిదేళ్ళ నుంచీ కాంట్రాక్టు మీదే ఉన్నాడు. మా వైపు పర్మినెంటు అనే మాటకు ఎంత బరువుందో బయటివాళ్ళకు తెలియదు. పర్మినెంటు అయినవాడికి ఒంట్లో బాగాలేక నాలుగు రోజులు పడుకున్నా పని పోదు. కాంట్రాక్టు వాడు మాత్రం ప్రతి ఉదయం గేటు దగ్గర కార్డు చూపించి, వాచ్‌మన్ తల ఎటు తిప్పుతాడోనని చూడాలి.

ఆ ఏడు కంపెనీ మందుపొడి ఆరబెట్టే మిషను ఒకటి చైనా నుంచి తెప్పిస్తోంది. దాన్ని విప్పడం, బిగించడం నేర్చుకుని వస్తే పర్మినెంటు చేస్తామని మాటిచ్చి, ఒక ఇంజనీరుతో పాటు కాకను కూడా పంపారు. మా ఊరు ఊరంతా పాస్‌పోర్టు అనే వస్తువును మొదటిసారి చూసింది ఆయన చేతిలోనే.

తిరిగొచ్చాక ప్రతి ఆదివారం ఆరాధన అయిపోగానే కాక గోడెక్కి కూర్చునేవాడు. ఇవతల నేను. ఆయన చెప్పేది అప్పటికే పదిసార్లు విన్నదైనా మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకునేవాణ్ణి. గ్వాంగ్‌జౌలో దిగిన మర్నాడే ఇంజనీరుకు విరేచనాలు పట్టుకుని మంచం దిగలేకపోయాడట. మిషను తయారయ్యే ఊరు ఇంకా చాలా లోపల ఉంది, ఒక రోజంతా రైలు, ఆపైన బస్సు. నువ్వన్నా పోయి చూసి రా అన్నాడట ఆయన. కాకకు చైనా భాష రాదు. ఇంగ్లిషు కూడా నట్టు, బోల్టు, వాల్వు వరకే. గ్వాంగ్‌జౌలోనే చెప్పుల వ్యాపారం చేసే మన పాతబస్తీ భాయ్ ఒకాయన పరిచయమయ్యాడు. తనకు తెలిసిన దుకాణం పిల్ల చేత ఒక ఎర్రట్ట నోట్‌బుక్కులో ఏదో రాయించి, ఎవరు కనిపిస్తే వాళ్ళకు ఇది చూపించమని చెప్పి, స్టేషనుకు తీసుకెళ్ళి రైలెక్కించాడు.

రైల్లో కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన ఆ రాత చదివి, తన గాజు సీసాలో టీ పోసిచ్చి, కింద తనూ ఏదో రాశాడు. బస్సు కండక్టరు రాశాడు. నారింజలమ్మే ముసలమ్మ ఇంట్లో బడికెళ్ళే మనవరాలు రాసింది. మొత్తం నాలుగు చేతిరాతలు. "ఏం రాసిన్రో నాకు తెల్వదు బిడ్డా," అనేవాడు కాక. "కాని సదివినోడల్ల నా దిక్కు సూసి నవ్విండు, నా సంచి అందుకుండు."

పొలాల మధ్యలో విడివిడిగా నిలబడ్డ గుట్టల గురించి, ముసలమ్మ భుజాన కావడి గురించి చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి. "బర్రెలు మన బర్రెలే రా. వరి మన వరే. మాట ఒక్కటే వేరే," అనేవాడు.

అన్నిటికంటే నాకిష్టమైంది బస్సు సంగతి. దిగాల్సిన చోటు రాగానే కండక్టరు ఇదేనా అన్నట్టు వేలు చూపించి అడిగాడు. కాక మన అలవాటు ప్రకారం తలను ఈ భుజం వైపూ ఆ భుజం వైపూ వంచి ఊపాడు. మనకది సరేననడం. వాళ్ళకు కాదన్నట్టు కనిపించింది. "బస్సు పాయె, నేను పాయె!" అని కాక పగలబడి నవ్వేవాడు. చివరి స్టాపులో కండక్టరుకు విషయం అర్థమై, నెత్తి కొట్టుకుని, ఆయన్ను ముసలమ్మకు అప్పగించి వెళ్ళాడు. మర్నాడు ఆమె కొడుకు లారీలో ఫ్యాక్టరీ దగ్గర దించాడు. రెండు రోజులు మిషను విప్పి బిగించి, కాక వెనక్కి వచ్చాడు.

అప్పటి నుంచి మా ఇద్దరికీ అదొక ఆట. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, బువ్వ తింటావా అని నన్ను అడిగితే నేను తల ఊపేవాణ్ణి. "చిట్కుల్ తలనా, చైనా తలనా?" అని కాక అడిగేవాడు. చైనా తల అంటే వద్దని. నేను చిట్కుల్ తల అని అరిచేవాణ్ణి.

ఒకరోజు బతిమాలి ఆ నోట్‌బుక్కు బడికి తీసుకెళ్ళాను. నా పక్కన కూర్చునేవాడి తండ్రి కాక పనిచేసే ఫ్యాక్టరీలోనే షిఫ్టు ఇన్‌ఛార్జి. వాడు పేజీలు తిప్పి పెద్దగా నవ్వాడు.

"గివి అచ్చరాలారా? చీమలకు సిరా పూసి ఇడిసిపెట్టినట్టున్నయ్. మీ కాకనే గీసిండు."

"లేదురా, చైనావోళ్ళు రాసిన్రు."

"మీ కాక చైనా మాల్ రా. గ్యారంటీ లేదు."

అప్పుడప్పుడే పటాన్‌చెరు అంగట్లో చైనా బ్యాటరీ లైట్లు, చైనా తాళాలు వస్తున్న రోజులు. నాలుగు రోజులకే చెడిపోయేవి. క్లాసంతా చైనా మాల్, చైనా మాల్ అని అందుకుంది. నా చెవులు మండాయి. ఇంకో నిమిషం ఆగితే ఆ పేరు నాకూ అంటుకునేలా ఉంది. నేనూ నవ్వేశాను. "అవు రా, గోడ మీద కూసొని గీస్తుంటె నేనే సూసిన," అన్నాను. అందరూ నా వీపు చరిచారు. నవ్వేవాళ్ళలో నేనూ ఒకణ్ణయ్యాను.

నాకు తెలియనిదేమిటంటే, అక్కడ ఫ్యాక్టరీలో అదే వారం కాక బతుకు తేలాల్సి ఉంది. ఇంజనీరు తాను గదిలో పడుకుని వచ్చానని చెప్పుకోలేక, తానే వెళ్ళి మిషను చూసొచ్చానని, కాకనే గదిలో వదిలి వెళ్ళానని రిపోర్టు రాశాడు. పాస్‌పోర్టు మీద ముద్ర దేశంలో దిగినట్టు చెబుతుంది కానీ ఎంత లోపలికి వెళ్ళాడో చెప్పదు. కాక దగ్గరున్న రుజువల్లా ఆ నోట్‌బుక్కే. దాన్ని చదవగలిగినవాళ్ళు లేరు. విప్పి చూపిద్దామంటే మిషను ఇంకా రానేలేదు. ఇంతలో నా మాట నా దోస్తు నుంచి వాళ్ళ నాన్నకూ, ఆయన నుంచి మేనేజరుకూ చేరింది.

తర్వాతి ఆదివారం మందిరం నుంచి వచ్చి ఇంకా చెప్పులు విడవలేదు. కాక, ఆ ఇన్‌ఛార్జి మా వాకిట్లోకి వచ్చారు. ఇన్‌ఛార్జి వెనకే నా దోస్తు. కాక ముఖంలో దిగులే లేదు. పిల్లవాణ్ణి అడుగుదాం పదండి, వాడు అబద్ధం చెప్పడు అని ఆయనే వాళ్ళను పిలుచుకొచ్చాడని తర్వాత తెలిసింది.

"భయపడకు రా," అన్నాడు ఇన్‌ఛార్జి. "మీ కాక గా బుక్కుల గీస్తుంటె నువ్వు సూసినవంట. సూసినవా?"

మా నాన్న పక్క నుంచి, "చెప్పురా జల్దీ. బడిల ఒకటి, ఇంట్ల ఒకటి చెప్తె తోలు తీస్త," అన్నాడు. దోస్తు నన్నే చూస్తున్నాడు. లేదని చెబితే బడిలో అబద్ధాలకోరునవుతాను, ఇంట్లో దెబ్బలు తింటాను. నా తల ఈ భుజం వైపూ ఆ భుజం వైపూ ఊగింది.

ఇన్‌ఛార్జి వెళ్ళబోయాడు. కాక ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. నా ముందు గొంతుక్కూర్చుని, నా కళ్ళలోకి చూసి, అదే గోడ మీది గొంతుతో మెల్లగా అడిగాడు.

"బిడ్డా, గిది చిట్కుల్ తలనా, చైనా తలనా?"

నా దోస్తు కిసుక్కుమన్నాడు. పిల్లవాడితో పరాచకాలేంటని ఇన్‌ఛార్జి విసుక్కున్నాడు. అది పరాచకం కాదని ఆ వాకిట్లో నాకొక్కడికే తెలుసు. నేను చేసింది వెనక్కి తీసుకోవడానికి ఆయన దారి చూపిస్తున్నాడు. చైనా తల అంటే చాలు. "నోటితోని చెప్పు బిడ్డా, ఏం కాదు," అన్నాడు మళ్ళీ. నేను తల వంచి చెప్పులు విడవడం మొదలుపెట్టాను. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. మా నాన్నతో, "పిల్లగాన్ని కొట్టకే," అని వెళ్ళిపోయాడు.

ఆ మిషను మీద ఇంకెవరినో పర్మినెంటు చేశారు. కాకను కాంట్రాక్టులోంచీ తీసేశారు. రెండు నెలలకు గుజరాత్‌లో ఏదో మందుల ఫ్యాక్టరీలో పని దొరికింది. బయల్దేరే ముందు నన్ను గోడ దగ్గరికి పిలిచి నోట్‌బుక్కు చేతిలో పెట్టాడు. "నా తాన ఉంటె ఏం పని? నీ తాన ఉండనీ. సదివెటోడు ఎప్పుడన్న దొరకకపోడు." మూడేళ్ళకు ఆయన అక్కడే చనిపోయాడని కబురొచ్చింది. చిన్నమ్మ ఆ ఇల్లు ఖాళీ చేసి తల్లిగారింటికి, కర్దనూర్‌కు వెళ్ళిపోయింది.

చదివేవాడు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. నేను పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనికి కుదిరాక, మిషను బిగించడానికి చైనా నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. కాస్త ఇంగ్లిషు వచ్చు. టీ తాగేటప్పుడు నోట్‌బుక్కు తెచ్చి అతని ముందు పెట్టాను. నవ్వుతూ మొదలుపెట్టినవాడు పోను పోను నెమ్మదిగా చదివాడు.

దుకాణం పిల్ల, ఇతను ఇండియా నుంచి వచ్చాడు, భాష రాదు, ఈ ఫ్యాక్టరీకి చేర్చండి అని రాసింది. రైల్లో పెద్దమనిషి, ఇతను మాంసానికి భయపడుతున్నాడు, అన్నమూ గుడ్లూ పెట్టండి అని రాశాడు. ముసలమ్మ మనవరాలు రాసింది ఇది: ఈ మామయ్య మా నీళ్ళ పంపు బాగుచేశాడు, ఏమిస్తామన్నా తీసుకోలేదు, మంచివాడు, నమ్మండి. కండక్టరు రాసింది చదివేముందు ఆ కుర్రవాడు నన్ను ఇంకోసారి చూశాడు. ఇతను తలను పక్కలకు ఊపితే అవునని అర్థం, కాదని కాదు. నాకు తెలియక దిగే చోటు దాటించేశాను. తప్పు నాది, ఇతనిది కాదు. దయచేసి వెనక్కి చేర్చండి.

ఆయన్ను గంటో పూటో చూసినవాళ్ళు, తర్వాత వచ్చే మనిషెవరో తెలియకుండానే ఆయన తరఫున మాటిచ్చి సంతకం పెట్టారు. తప్పు చేసిన కండక్టరు ఆ రోజే, ఆ స్టాపులోనే ఒప్పుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ ఆయన చేతి బువ్వ తిన్నవాణ్ణి నేను.

ఆ ఆదివారమే కర్దనూర్ వెళ్ళి చిన్నమ్మకు అంతా చదివి వినిపించాను. కండక్టరు మాట దగ్గర ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. "ఆయన ఒక్కసారి ఇని పోతె బాగుండు గదరా," అంది. నేను చూడలేదు చిన్నమ్మా, అబద్ధం చెప్పాను అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఎర్కనే. ఆయనకు గూడ ఎర్కనే. పసిపిల్లగాన్ని నల్గురిల నిలవెట్టి అడిగిన, తప్పు నాదే అనేటోడు."

నేనిప్పుడు దేనికీ తల ఊపను. టీ తాగుతావా అన్నా సరే, లీవు కావాలా అన్నా సరే, నోటితోనే చెబుతాను. ఫ్యాక్టరీలో అందరూ నవ్వుతారు, నవ్వనీ. నోట్‌బుక్కు చిన్నమ్మ దగ్గరే ఉంచి వచ్చాను. నా దగ్గర మిగిలింది ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. దానికి జవాబు ఆయన వినలేడు కాబట్టి, చిట్కుల్ వాళ్ళందరూ వినేటట్టు ఇక్కడ చెబుతున్నాను.

చైనా తల, కాకా. నేను చూడలేదు.