రెండుసార్లు ఇచ్చిన తంతి

1962 ఫిబ్రవరి మూడో తేదీ శనివారం బట్లహళ్ళిలో అక్కయమ్మ పొయ్యి వెలిగించలేదు. ఎనిమిది గ్రహాలు మకరరాశిలో చేరుతున్నాయనీ, ప్రళయం తప్పదనీ దేశమంతా చెప్పుకుంటున్న రోజులవి. మట్టిమిద్దెలు మీద పడతాయన్న భయంతో ఊరంతా రాగి కళ్ళాల్లోకి చేరింది. ఒకే అండాలో సంగటి కెలికి అందరికీ పెట్టారు.

అక్కయమ్మ నెమ్మదిగా ఉంది. కొడుకు మునినారాయణ పక్కనే కూర్చుని తింటున్నాడు.

అతను పటాలంలో లారీ డ్రైవరు. ఉండేది అస్సాం అవతలి కొండల్లో. జనవరిలో ఆమె భర్త బయ్యప్పను చింతామణి పోస్టాఫీసుకు పంపి "తల్లికి సీరియస్, వెంటనే రా" అని తంతి కొట్టించింది. రైళ్ళు మారి మారి గురువారం ఇల్లు చేరిన కొడుక్కి ఆమె తిరగలి ముందు కనబడింది.

"ఏమ్మా, సస్తాండావని తంతి ఇచ్చి రాగులు ఇసురుతాండావే?"

"అందురం పొయ్యేదేనంట కదప్పా. మేమంతా ఒకతావ పోతే, నువ్వొక్కనివి యాడో కొండల్లో పోతే ఎట్ల?"

అతను ట్రంకుపెట్టె మీద కూలబడి చాలాసేపు నవ్వాడు.

ఆదివారం గడిచింది, సోమవారం గడిచింది. ఏమీ కాలేదు. "గ్రహాలకు మనూరి దావ తెలీలేదేమో" అన్నాడు బయ్యప్ప చాప చుట్టుకుంటూ. "ఓట్లోళ్ళకు మాత్రం బాగా తెలుసు, సూస్తాండు." ఆ నెలలోనే ఎన్నికలు వచ్చాయి. వాళ్ళూ వచ్చారు.

వెళ్ళేటప్పుడు మునినారాయణ తన సెలవుల సంగతి చెప్పాడు. "ఈ ఏటి రజా అంతా నీ ప్రళయానికే అయిపాయమ్మా. కార్తీకంలో రాలేను." కార్తీకంలో తొండేభావి ఊరి పిల్లతో అతనికి పెళ్ళి ఖాయం చేసుకుని ఉన్నారు. దాన్ని మరుసటి ఏటికి వాయిదా వేశారు.

దీపావళికి వారం ముందు చైనాతో యుద్ధం మొదలైంది. చింతామణిలో ఆడవాళ్ళు రక్షణ నిధికి గాజులు తీసి ఇచ్చారు. అక్కయమ్మ కోడలికని చేయించిన కమ్మలు ఇచ్చివచ్చింది. నవంబరులో కాల్పులు ఆగాయి. డిసెంబరులో మునినారాయణ జాడ తెలియడం లేదని పటాలం నుంచి తంతి వచ్చింది.

"నేను పిలిపించకుంటే వాడు ఆ దినాల్లో ఇంట్లో ఉండును" అంది అక్కయమ్మ.

"రజాలో ఉండేటోళ్ళను గూడా ఎనక్కి పిలిచినారంట లేమ్మే" అన్నాడు బయ్యప్ప. "నీ తంతి లేకున్నా పొయ్యేవాడే."

"పెండ్లన్నా అయ్యుండును."

మరునాడు కోత మధ్యలో కొడవలి గట్టు మీద పెట్టి ఆమె చింతామణి బస్సెక్కింది. పోస్టాఫీసులో తంతులు చూసే నరసింహయ్య ముందు నిలబడి, తల్లికి సీరియస్, వెంటనే రా అని కొడుక్కి తంతి కొట్టమంది. జాడ లేదన్న తంతిని అందుకుని రాసుకున్నది అతనే.

"ఎవురికమ్మా సీరియస్?"

"నాకే."

"నువ్వు నిలబడుకొని ఉండావు కదమ్మా."

"ముందుసారి గూడా నిలబడుకోనే ఉంటినప్పా. ఆ మాటకే వచ్చినాడు."

నరసింహయ్య కలం కింద పెట్టాడు. "కనబళ్ళేదని వాళ్ళే చెప్పినారే. ఎవురికి ఇస్తారమ్మా?"

"పటాలానికి కొట్టు. కనబడినబుడు ఇస్తారు."

అతను మళ్ళీ కలం తీసుకున్నాడు. ఆమె చెప్పినట్టే కొట్టాడు.

రాగులు నూర్చే రోజున టపా మనిషి కళ్ళం దగ్గరికే వచ్చి జవాబు చదివాడు. మునినారాయణ జాడ ఇంకా తెలియలేదు. అతని తల్లికి ఇప్పుడు ఎలా ఉందో తెలియజేయగలరు.