అభ్యంతరం లేదు

ఈ సంగతి నేను రాసిపెట్టకపోతే తప్పు ఎవరిదో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఉత్తరంలోని ఆ ఒక్క వాక్యం చిన్నమ్మదేనని చిన్నాయన చివరిదాకా నమ్మాడు. చిన్నమ్మ కాదనలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. మొన్న మా చెల్లెలి బిడ్డ కొత్త ఫోను తెచ్చి, "పెద్దమ్మా, నువ్వు మాట్లాడు, అదే తెలుగుల రాస్తది" అని నా నోటి దగ్గర పెట్టింది. ఏం మాట్లాడాలో తోచక "ఇగ నీ ఇష్టం" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. ఒక్క గుణింతం తప్పకుండా అక్షరాలు తెర మీదికి వచ్చి నిలబడ్డాయి. పైన విమానం దిగుతోంది, కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి. నాకు మాత్రం సత్తుగిన్నెలో చింతగింజలు పడుతున్న చప్పుడు వినిపించింది.

తొంభైల్లో ఇక్కడ విమానాలు లేవు. తొండుపల్లిలో మా ఇంటి వెనక జొన్నచెలకలు, వాటి మీద ఎటూ కదలని మధ్యాహ్నాలు. నేను ఏడో తరగతితో బడి మానేసి కుట్టుమిషను తొక్కుతూ, సాయంత్రం కాగానే శంషాబాదు గ్రంథాలయానికి నడిచిపోయేదాన్ని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. అక్కడి బీరువాల్లో నేను చదవనిది పశువైద్యం పుస్తకం ఒక్కటేనని గొప్పగా చెప్పుకొనేదాన్ని. నిజానికి అదీ సగం చదివాను. కొత్త మాట దొరికితే నోటుబుక్కులో రాసుకొని, కొత్త చీర కొన్న మనిషి పెళ్ళిపిలుపు కోసం చూసినట్టు, దాన్ని వాడే సందర్భం కోసం చూసేదాన్ని.

చిన్నమ్మది పక్కిల్లే. చిన్నాయన దుబాయిలో తాపీపని చేసేవాడు. చిన్నమ్మకు అక్షరం రాదు, కానీ చర్చిలో పాడే పాటలన్నీ నోటికి వచ్చు. పుస్తకం తెరిచి పట్టుకొని నేను మూడో చరణంలో తడబడుతుంటే, చేతులు కట్టుకొని నిలబడ్డ ఆమె నాలుగో చరణం ఎత్తుకొనేది. చిన్నాయన ఉత్తరం ఒకసారి చదివి వినిపిస్తే నెల తర్వాత కూడా మాట పొల్లుపోకుండా అప్పజెప్పేది. నాకేమో నోటుబుక్కు చూస్తే తప్ప ఏదీ గుర్తుకు రాదు. రాయడం నేర్చుకున్నవాళ్ళు జ్ఞాపకాన్ని కాగితానికి అప్పగించి నిశ్చింతగా ఉంటారేమోనని చాలా ఏళ్ళ తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం, నాలాంటి పిల్ల పక్కింట్లో ఉండడం ఆమె అదృష్టం అనుకొనేదాన్ని.

ఆమెకు ఉత్తరాలు రాసిపెట్టేదాన్ని నేనే. ఆమె "జర పైలంగుండుమను" అంటే నేను "ఆరోగ్యము జాగ్రత్తగా చూసుకోగలరు" అని రాసేదాన్ని. ఆమె నోట్లో "నువ్వు" అయినదల్లా నా కలం కింద "మీరు" అయ్యేది. చదివి వినిపిస్తే, "అచ్చం పాస్టరుసారు మాట్లాడినట్టే ఉన్నదే" అని మురిసిపోయేది. అంతకంటే నాకు కావలసింది ఏముంది?

చిన్నాయన దుబాయి పోయి మూడేళ్ళయిన వేసవిలో ఒక ఉత్తరం వచ్చింది. కంపెనీవాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు, ఉండాల్నా, వచ్చెయ్యాల్నా, నువ్వు చెప్పినట్టు చేస్త అని. చిన్నమ్మ వాకిట్లో చింతపండు ముందేసుకొని గింజలు తీసి సత్తుగిన్నెలో వేస్తోంది. ఉత్తరం విన్నాక గింజలు మునుపటికంటే గట్టిగా పడ్డాయి.

"ఇంకా రెండేండ్లా? ఉండమను. గాడనే ఇల్లు గూడ కట్టుకోమను."

"ఏం రాయాలె చిన్నమ్మా?"

"ఏమున్నది రాసెటందుకు? ఇగ నీ ఇష్టం అని రాయి." ఇంకో గింజ ఠంగున పడింది. ఆమె లేచి లోపలికి పోయింది.

ఆ వారమే నా నోటుబుక్కులో 'అభ్యంతరం' చేరింది. చేయి ఆగలేదు. "ఇక మీ ఇష్టప్రకారము చేయగలరు. మాకు ఏ అభ్యంతరమూ లేదు" అని రాశాను. ఆ రోజు ఆమె చదివి వినిపించమనలేదు. నేనే నాలుగుసార్లు చదువుకొని ముచ్చటపడి కవరు అంటించాను.

నెలన్నరకు జవాబు వచ్చింది. "మీకు అభ్యంతరం లేదన్నరు గనుక సంతకం పెట్టిన" అని చదివాను.

"అభ్యంతరమంటే ఏందే?" అన్నది చిన్నమ్మ.

చెప్పాను.

"గా మాట నేనెప్పుడన్న?"

"నీ ఇష్టమన్నవు గదా. రెండిటికీ అర్థం ఒక్కటే."

"ఒక్కటేనా?" అన్నది. కోపం లేదు ఆ గొంతులో. పుస్తకాలు చదివినదాన్ని కదా, నాకు తెలుసేమోనని నిజంగానే అడిగింది. నేను చదివినవాటిలో ఎక్కడా గింజలు చప్పుడు చేయలేదు.

శంషాబాదులో ఎస్టీడీ బూత్‌కు తీసుకుపోయాను. చిన్నాయన ఉండే క్యాంపులో ఫోనుంది. గాజుతలుపు లోపల చిన్నమ్మ దుబాయి దూరానికి సరిపడా అరిచింది. "తిన్నవా? ఆఁ, తిన్న! ఎండలున్నయా? ఈడ గూడ ఉన్నయి!"

"అక్కా, గట్ల అరిస్తే ఫోను లేకున్నా ఇనబడ్తది," అన్నాడు వరుసలో ఒకాయన. అందరూ నవ్వారు. ఆమె ఠక్కున పెట్టేసి బయటికి వచ్చింది. "గింతమంది ముందల రమ్మని ఎట్లంటనే?" అన్నది నా చెవిలో.

ఆ నెలలోనే కొత్వాల్‌గూడ నుంచి ఒకాయన దుబాయి పోతున్నాడని తెలిసి, ఆయన చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపుదామని పక్కవీధి అక్క దగ్గర టేపురికార్డరు అడిగి తెచ్చాను. ఎర్ర బొత్తాం నొక్కాను. చిన్నమ్మ దాన్ని, చెప్పకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసింది. చేతులు ఊరుకోక చింతపండు దగ్గరికి లాక్కుంది. టేపు తిరుగుతోంది. ఒక గింజ, ఇంకో గింజ, మధ్యలో ఎవరిదో కోడి. మాట అందించాలని నాకు నాలుక దురద పుట్టింది. పెదవి కొరుక్కొని కూర్చున్నాను. వాకిట్లో ఎండ జరిగి జరిగి గోడెక్కింది. ఒక వైపు అయిపోవచ్చే ముందు ఆమె, "ఇంకేంది... ఇగ నీ ఇష్టం" అన్నది. మధ్యలో గొంతు చిన్నగా విరిగింది.

అది రాసే అక్షరం ఇప్పటికీ నాకు దొరకలేదు.

రెండేళ్ళు ఉంటానని సంతకం పెట్టిన చిన్నాయన ఎనిమిది నెలలకే కంపెనీవాళ్ళతో పోట్లాడి వచ్చేశాడు. అదే వాకిట్లో కూర్చొని, "రూమువాళ్ళు పాటలు పెట్టుమంటే నేను గింజలు పెట్టేటోన్ని బిడ్డా. గంత కోపం ఇని ఎన్నేండ్లయింది!" అన్నాడు. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగి, "మరి గప్పుడు అభ్యంతరం లేదంటివి, తాసిల్దారు లెక్క?" అన్నాడు.

నా చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. చిన్నమ్మ నా వైపు చూడనైనా చూడలేదు.

"అవు, అన్న. గప్పుడు లేకుండె," అన్నది. ఆ వాక్యం తనదేనని ఆమె అనగా వినడం అదే మొదలు, అదే ఆఖరు.

పేర్లన్నీ ఈ చోటు కోసమే దాచుకున్నాను. టేపురికార్డరు ఇచ్చిన పద్మక్కకు, క్యాసెట్టు బట్టల మధ్య పెట్టి పదిలంగా మోసుకుపోయిన యాదన్నకు, 'అభ్యంతరం' ఉన్న పుస్తకం చేతికిచ్చిన గ్రంథాలయం నర్సింలుసారుకు, గింజల భాష తెలిసిన ఏసురత్నం చిన్నాయనకు, నా వాక్యాన్ని తన నెత్తికెత్తుకున్న సుగుణమ్మ చిన్నమ్మకు నా నమస్కారాలు. ఆ క్యాసెట్టును వెనక్కి తిప్పే బొత్తాం ఉండేది. వాళ్ళ ఎనిమిది నెలలను వెనక్కి తిప్పేది మాత్రం ఇన్నేళ్ళలో ఏ యంత్రం మీదా నాకు కనబడలేదు.