తాళంచెవి లేని తాళం

ఇంగ్లండ్‌లో, రీడింగ్ అనే ఊళ్ళో నేను చూసుకున్న ముసలావిడ ఎడమ మణికట్టుకి ఒక దారం ఉండేది. రెండు చుట్లు చుట్టి ఉన్న ఆ దారానికి అగ్గిపెట్టెలో సగం ఉండే నల్లటి బిళ్ళ ఒకటి వేలాడేది. ఒకవైపు నాలుగు చైనా అక్షరాలు, రెండోవైపు ఏదో జంతువు మీద కూర్చున్న పిల్లవాడి బొమ్మ. చూడగానే తాయెత్తు అనుకున్నాను. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. తప్పు ఆ తర్వాత చేశాను.

ఆవిడ హాంకాంగ్ నుంచి వచ్చి, భర్తతో కలిసి పక్క ఊరు బ్రాక్‌నెల్‌లో చాలా ఏళ్ళు టేక్‌అవే, అంటే భోజనం కట్టిచ్చే కొట్టు, నడిపిన మనిషి. భర్త పోయాక మతిమరుపు జబ్బు ముదిరి, నేర్చుకున్న ఇంగ్లీషంతా పోయింది. సొంత భాష మాత్రం మిగిలింది. ఒక్కడే కొడుకు. అతనికి తల్లి భాష మాట్లాడటం కొంచెం వచ్చు గానీ చదవడం రాదు. అతను ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో ఇళ్ళకి ఆయాలని పంపే మా ఏజెన్సీ డ్యూటీ పట్టీలో మధ్యాహ్నానికి నా పేరు ఉండేది. నేను బడికి వెళ్ళినదాన్ని కాను, మా తాతయ్య దగ్గర ఇంట్లోనే అక్షరాలు దిద్దుకున్నాను. సర్టిఫికెట్ ముక్క లేని నాకు పరాయి దేశంలో పని దొరికిందంటే అది దేవుడి దయే. ఆవిడకి గంజి తినిపించే ముందు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేదాన్ని. నేను కళ్ళు తెరిచేదాకా ఆవిడ నోరు తెరవకుండా ఆగేది. వెళ్ళేటప్పుడు నా కోటు జేబులో నారింజపండు కుక్కేది.

ఆవిడకి ఏదైనా చెయ్యాలనిపించింది. శుక్రవారం పూజకి మా ఇంట్లో గురువారమే ఇత్తడి సామాను తోముకుంటాను. ఆ గురువారం చిన్న డబ్బాలో కాస్త చింతపండు పట్టుకెళ్ళాను. స్నానం చేయించి, ఆవిడ కునుకు తీస్తుంటే బిళ్ళ విప్పబోయాను. ముడి రాలేదు. దారం జిడ్డుపట్టి, నల్లబడి, వాసన వేస్తోంది. కత్తెరతో కత్తిరించి చెత్తబుట్టలో పడేశాను. బిళ్ళని చింతపండుతో రుద్దితే నలుపుతో పాటు పైన ఉన్న వెండిపూత కూడా పోయి, లోపలి ఇత్తడి పసుపుపచ్చగా మెరిసింది. కొత్త ఎర్రదారం కట్టి, ఎంత బాగుందో అనుకుని ఫోన్‌లో ఫోటోలు కూడా తీసుకున్నాను.

ఆవిడ లేచి చేతి వంక చూసుకుంది. కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని పెదవులు బిగించేసింది. ఆ రోజు గంజి తినలేదు. మర్నాడూ తినలేదు. కొడుకు బతిమాలితే రెండు గుక్కల నీళ్ళు తాగింది, అంతే. జీపీ, అంటే వాళ్ళ ఇంటి డాక్టరు, వచ్చి చూసి, ఈ జబ్బులో ఇలా అవుతుంది, తినకపోతే ఎక్కువ రోజులు ఉండదు అన్నారు. ఆ బిళ్ళ ఏమిటని కొడుకుని అడిగాను.

"ఏదో లక్కీ చార్మ్. ఎప్పట్నించో ఉంది. ఏం, ఎందుకు?"

"ఊరికే," అన్నాను. ఆ ఒక్క మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఫోన్‌లో ఆ బిళ్ళ ఫోటోలు చూసి మా అమ్మాయి నా వంక తిరిగింది. ఇక్కడే పుట్టిన పిల్ల.

"అమ్మా, యూ కాంట్ జస్ట్ చింతపండు ఎవ్రీథింగ్."

"తెలీక చేశానే."

"దెన్ ఆస్క్ సమ్‌వన్ హూ నోస్."

శనివారం ఒక చర్చి హాల్లో పాత నాణేలు అమ్మేవాళ్ళు బల్లలు వేసుకుంటారని తనే వెతికి చెప్పింది, తనే కార్లో తీసుకెళ్ళింది. చైనా నాణేలు పెట్టుకున్న ఒక పెద్దాయన భూతద్దంతో ఫోటోలు చాలాసేపు చూశాడు.

"ఇది నాణెం కాదమ్మా, తాళం. ఆకారం చూడండి, తాళంకప్పే కదా. చెవి పెట్టే రంధ్రం ఉండదు. తియ్యడానికి చేసింది కాదు."

"దేనికి తాళం?"

"పసిబిడ్డకి. ప్రాణం జారిపోకుండా బిడ్డ మెడలో వేసే తాళం. ఈ నాలుగక్షరాలూ నిండు నూరేళ్ళు, సంపద, గౌరవం అని. పిల్లవాడు ఎక్కింది వాళ్ళ శుభం తెచ్చే మృగం. చేతిలో తామరపువ్వు, వంశం ఆగకూడదని. కొన్ని చోట్ల ఇంటింటికీ వెళ్ళి తలా ఒక నాణెం అడిగి దీన్ని చేయించేవారు, అందరి బలం బిడ్డకి అందాలని." అద్దం దించి అడిగాడు. "ఎవరు తోమారు దీన్ని?"

"నేనే."

"అయ్యో. దారం?"

చెప్పాను. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టేసి, "పెద్దయ్యేదాకా తియ్యరు," అని మాత్రం అన్నాడు.

కార్లో కూర్చున్నాక నాకు వెలిగింది. ఆ దారం పెద్దవాళ్ళ మెడకి పట్టదు. పసిమెడకి కట్టిన దారం కాబట్టే ఆవిడ మణికట్టుకి రెండు చుట్లు వచ్చింది. మా ఇళ్ళలో పిల్లల మొలతాడు మార్చాలంటే ముందు కొత్తది కట్టి, తర్వాతే పాతది తెంపుతాం. ఒక్క క్షణం కూడా నడుము ఖాళీగా ఉంచం. అంత తెలిసినదాన్ని, పరాయి తల్లి చేతి దారాన్ని కత్తిరించేటప్పుడు నాకు ఏమీ గుర్తురాలేదు. చెత్తబండి శుక్రవారం పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయింది.

సోమవారం వంటింట్లో నిలబడి కొడుక్కి అంతా చెప్పాను. అతను సింకు అంచు పట్టుకుని విన్నాడు.

"అది నాది కాదు," అన్నాడు. "నాకు ముందు ఒక అక్క. రెండు నెలలకే పోయింది. నాన్న ఒకసారి చెప్పాడు, ఇంక అడగొద్దన్నాడు."

లోపలికి వెళ్ళి తల్లి పక్కన కూర్చుని వాళ్ళ భాషలో తడుముకుంటూ మాట్లాడాడు. ఆవిడ నాలుగు రోజుల తర్వాత నోరు తెరిచి ఒకే ఒక మాట అడిగింది. అతను తలవంచి జవాబు చెప్పాడు. ఆవిడ ముఖం గోడవైపు తిప్పేసుకుంది.

"ఏమడిగారు?" అన్నాను అతను బయటికి వచ్చాక.

"బిడ్డ తాళం ఎవరు తీశారని. నేనే అన్నాను."

"ఎందుకలా చెప్పారు? నేనని చెప్పండి. నేనే చెప్తాను, పదండి."

"వద్దు. మీరని తెలిస్తే మీ చేత్తో ఇంకెప్పుడూ తినదు. నా చేత్తో ఎలాగూ తినడంలేదు. వెళ్ళి గంజి పెట్టి చూడండి."

పెట్టాను. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకోబోతే చేతులు కలవలేదు. ఆవిడ అలవాటు ప్రకారం నాకోసం ఆగింది, తర్వాత నోరు తెరిచింది. మూడు చెంచాలు తిన్నది.

అలా తొమ్మిది రోజులు. ఏజెన్సీని అడిగి ఉదయం, సాయంత్రం కూడా నేనే వెళ్ళాను. ఆవిడ కొడుకు వంక మళ్ళీ చూడలేదు. అతను చెయ్యి పట్టుకుంటే మెల్లగా లాక్కునేది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అందుకు రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను, పెట్టుకున్నప్పుడల్లా నాలుక చేదుగా ఉంటుంది.

చివరి రోజు మధ్యాహ్నం ఆవిడ ఒక్క చెంచా తిన్నది, నా చేత్తోనే. కొడుకు గదిలోకి రాకుండా, ఆవిడకి కనబడకుండా గుమ్మం బయట నిలబడి అడిగాడు.

"మింగిందా?"

మింగిందని చెప్పాను.